వీడియోకీ వీడియోకీ మధ్య: ప్రేక్షకులను మాట్లాడించే పోస్టులు

(స్క్రీన్ మీద: ఒక ఛానెల్ పేజీ. చివరి వీడియో కింద "2 వారాల క్రితం" అని కనిపిస్తోంది.)

మంచి వీడియో తయారవ్వాలంటే టైమ్ పడుతుంది. స్క్రిప్టు, షూటింగు, ఎడిటింగు, థంబ్‌నెయిలు (వీడియో తెరవకముందు కనపడే బొమ్మ)... రెండు వారాలు ఇట్టే గడిచిపోతాయి. మనం ఆ రెండు వారాలూ ఆ పనిలోనే మునిగి ఉంటాం. చూసేవాళ్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఛానెల్ నుంచి ఏమీ రావట్లేదు, అంతవరకే వాళ్లకి తెలుసు. ఈలోగా వాళ్ల ఫీడ్‌లోకి వేరే ఛానెళ్లు వస్తూనే ఉంటాయి.

ఈ మధ్య ఖాళీ కోసం యూట్యూబ్‌లోనే ఒక సౌకర్యం ఉంది. పోస్టులు. రెండు వాక్యాలు రాయొచ్చు, ఫోటో పెట్టొచ్చు, పోల్ పెట్టొచ్చు, క్విజ్ పెట్టొచ్చు. చాలా ఛానెళ్లు దీన్ని నోటీసు బోర్డులా వాడతాయి. "కొత్త వీడియో వచ్చింది, చూడండి" అని ఒక లింకు, అంతే. నాకు అది చూస్తే నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే దీనితో అంతకంటే చాలా పెద్ద పని అవుతుంది.

ఆ పని ఏంటంటే, అడగడం. మీ ప్రేక్షకులకి తెలిసి, మీకు తెలియని విషయం ఒకటి అడగాలి. వాళ్లు చెప్పింది తర్వాతి వీడియోలో కనపడాలి. ఈ వీడియోలో నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే.

(స్క్రీన్ మీద: యూట్యూబ్ స్టూడియోలో క్రియేట్ బటన్, దాని కింద "పోస్ట్ క్రియేట్ చేయండి".)

ముందు కాస్త సమాచారం. కమ్యూనిటీ ట్యాబ్ పేరుతో యూట్యూబ్ దీన్ని 2016 సెప్టెంబరులో కొద్దిమంది క్రియేటర్లతో మొదలుపెట్టింది. ఆ తర్వాత కొంతకాలం 10,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉంటేనే ఇచ్చేవారు. అది 1,000కి తగ్గింది, 2021 అక్టోబరులో 500కి దిగింది, ఆ తర్వాత ఈ లెక్కే తీసేశారు. ఇప్పుడు ముఖ్యమైనది ఛానెల్ వెరిఫికేషన్. మీకు పోస్ట్ ఆప్షన్ కనపడకపోతే యూట్యూబ్ స్టూడియోలో, అంటే మీ ఛానెల్‌ని నడిపించుకునే పేజీలో, సెట్టింగ్స్‌కి వెళ్లి, ఛానెల్, అందులో ఫీచర్ ఎలిజిబిలిటీ చూడండి. ఏది పూర్తి చేయాలో అక్కడే ఉంటుంది. పిల్లల కోసం తయారుచేసినవని గుర్తుపెట్టిన ఛానెళ్లకి మాత్రం ఈ పోస్టులు ఉండవు.

యూట్యూబ్ స్టోరీస్ అని ఇంకొకటి ఉండేది, గుర్తుందా? దాన్ని 2023 జూన్ 26న ఆపేశారు. అప్పుడు క్రియేటర్లకి యూట్యూబ్ చూపించిన దారులు రెండు: షార్ట్స్, ఈ పోస్టులు. షార్ట్స్‌కి మళ్లీ షూటింగు, ఎడిటింగు కావాలి. పోస్టుకి కావలసింది మంచి ప్రశ్న ఒక్కటే.

పోస్టు ఎక్కడ కనపడుతుంది? సబ్‌స్క్రిప్షన్స్ ఫీడ్‌లో, హోమ్ ఫీడ్‌లో. ఒక్కోసారి సబ్‌స్క్రైబ్ చేయనివాళ్లకి కూడా కనపడుతుంది. అంటే ఎవరో వేరే వీడియో కోసం స్క్రోల్ చేస్తూ పోతుంటే మధ్యలో మీ పోస్టు తగులుతుంది. పొడుగ్గా రాస్తే సగం దాగిపోతుంది, మిగతాది చదవాలంటే నొక్కాలి. అంతసేపు ఎవరూ ఆగరు. కాబట్టి ప్రశ్న మొదటి లైన్‌లోనే ఉండాలి. "హాయ్ ఫ్రెండ్స్, అందరూ ఎలా ఉన్నారు, నేను బాగున్నాను" అని మొదలుపెడితే, అసలు విషయం వచ్చేలోపే వేలు కిందికి జారిపోతుంది.

(స్క్రీన్ మీద: ఖాళీ పోల్. ప్రశ్న రాసే చోటు, కింద ఐదు గడులు.)

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పోల్.

టెక్స్ట్ పోల్‌లో ఐదు ఆప్షన్ల దాకా ఇవ్వొచ్చు. ఎవరు ఏది నొక్కారో మీకు తెలియదు, ఏ ఆప్షన్‌కి ఎంత శాతం వచ్చిందో మాత్రమే తెలుస్తుంది. చూసేవాళ్లకి ఓటేశాకే ఫలితం కనపడుతుంది. ఇది చాలా పనికొచ్చే సంగతి. మిగతావాళ్లు ఏమన్నారో చూడాలన్న ఆసక్తితోనే చాలామంది నొక్కుతారు.

ఎక్కువగా కనపడే పోల్ ఏది? "తర్వాతి వీడియో దేని మీద కావాలి?" కింద నాలుగు టాపిక్‌లు. ఇందులో పెద్ద తప్పేమీ లేదు, కానీ దీనివల్ల మీకు తెలిసేది చాలా తక్కువ. వీడియో చేయాల్సింది మీరు, టాపిక్ ఎంచుకునే పని మాత్రం వాళ్ల మీద పెడుతున్నారు. వాళ్లు ఒక్క సెకనులో ఏదో ఒకటి నొక్కేస్తారు. గెలిచిన టాపిక్ వీడియోగా వచ్చేసరికి, ఓటేసిన సంగతి కూడా వాళ్లకి గుర్తుండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సైకిల్ రిపేర్ల ఛానెల్ అనుకోండి. బ్రేకుల మీద వీడియో చేయాలని ఆ క్రియేటర్ ముందే నిర్ణయించుకున్నారు. అలాంటప్పుడు "బ్రేకుల వీడియో కావాలా, గేర్ల వీడియో కావాలా" అని అడగడం ఎందుకు? దానికి బదులు ఇలా అడగొచ్చు.

(స్క్రీన్ మీద పోల్ ఒక్కో లైనుగా వస్తుంది.)

"మీ సైకిల్ బ్రేకు ఎప్పుడు కీచుమంటుంది?"
తడిసినప్పుడు మాత్రమే.
ఎప్పుడు పట్టినా.
కొత్త ప్యాడ్లు వేసినప్పటి నుంచి.
గట్టిగా పట్టినప్పుడే.
వేరే సందర్భంలో, కామెంట్‌లో చెప్తాను.

ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఎవరైనా ఒక్క క్షణం తన సైకిల్‌ని గుర్తు తెచ్చుకోవాల్సిందే. అక్కడే సగం పని అయిపోయింది. ఇక ఫలితం చూడండి. తడిసినప్పుడు మాత్రమే అన్నవాళ్లు ఎక్కువుంటే వీడియోలో ఆ భాగం చిన్నదైపోతుంది, ఎందుకంటే ఆరాక చాలావరకు అదే పోతుంది. కొత్త ప్యాడ్లు అన్నవాళ్లు ఎక్కువైతే, ప్యాడ్లని మొదట్లో ఎలా అలవాటు చేయాలో, ఏ కోణంలో బిగించాలో వివరంగా చూపించాలి. అంటే పోల్ మీ స్క్రిప్టులో ఏ ముక్క ఎంత నిడివి ఉండాలో చెప్తోంది. టాపిక్ ఓటింగు ఇంత పని ఎప్పుడూ చేయదు.

ఆ ఐదో ఆప్షన్ని దయచేసి వదలకండి. "వేరే సందర్భంలో" అన్నది. అసలు సరుకు అక్కడి నుంచే వస్తుంది. ఎవరో ఒకరు కామెంట్‌లో "చైనుకి ఆయిల్ కొట్టాను, అప్పటి నుంచి వెనక బ్రేకు మోత" అని రాస్తారనుకోండి. అది డిస్క్ బ్రేకు అయితే, ఆయిల్ తుంపర వెళ్లి డిస్క్ మీద పడిందన్నమాట. డిస్క్ మీద, ప్యాడ్ మీద నూనె పడితే మోత వస్తుంది, పట్టు కూడా తగ్గుతుంది. ప్రమాదకరమైన విషయం. స్క్రిప్టులో ఈ ముక్క లేకపోయి ఉండొచ్చు. ఒక్క కామెంటుతో వీడియోలోకల్లా ముఖ్యమైన భాగం దొరికింది.

ఇక్కడితో ఆగిపోకూడదు. రెండు మూడు రోజుల తర్వాత ఇంకో పోస్టు పెట్టాలి: "బ్రేకుల గురించి అడిగాను కదా. ఎక్కువమంది చెప్పింది కొత్త ప్యాడ్ల సమస్య. ఒకరు చైన్ ఆయిల్ గురించి రాశారు, అది కూడా వీడియోలో చూపిస్తున్నాను." మూడు వాక్యాలు చాలు. ఇక వీడియో మొదట్లో ఇరవై సెకన్లలోపు అదే మాట మళ్లీ అనండి: "మీలో చాలామంది కొత్త ప్యాడ్లు అన్నారు, అందుకే దానితోనే మొదలుపెడుతున్నాను." ఓటేసినవాళ్లకి ఆ మాట వినగానే ఈ వీడియోలో తమ చెయ్యి కూడా ఉందని అర్థమవుతుంది. ఈసారి పోల్ వచ్చినప్పుడు వాళ్లు ఆలోచించి జవాబిస్తారు.

అడిగి వదిలేస్తే మాత్రం చెడు జరుగుతుంది. ఒకసారి, రెండుసార్లు జవాబిచ్చి, ఏమీ మారకపోతే, మూడోసారి ఎందుకు జవాబిస్తారు? చేసే ఉద్దేశం లేని ఆప్షన్ పోల్‌లో పెట్టకండి. అదే గెలిస్తే ఏం చేస్తారు?

(స్క్రీన్ మీద: క్విజ్ పోస్టు.)

క్విజ్ వేరే రకం. ఇందులో సరైన జవాబు ఒకటుంటుంది, నొక్కగానే తప్పో ఒప్పో తెలిసిపోతుంది, దాని కింద చిన్న వివరణ రాయొచ్చు. ఏదైనా నేర్పించే ఛానెళ్లకి ఇది వరం. కానీ ప్రశ్న జ్ఞాపకశక్తి పరీక్షలా ఉండకూడదు. చాలామంది పొరబడే చోటు చూసి అడగాలి.

సైన్స్ ఛానెల్ అయితే: "గాలి లేని చోట సుత్తినీ, ఈకనీ ఒకే ఎత్తు నుంచి ఒకేసారి వదిలితే ఏది ముందు కింద పడుతుంది?" చాలామంది సుత్తి అంటారు. వివరణలో: "రెండూ ఒకేసారి. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి కెమెరా ముందే ఇది చేసి చూపించాడు." తప్పు నొక్కినవాళ్లకి ఆ వివరణ చదవాలనిపిస్తుంది. సరిగ్గా చెప్పినవాళ్లకి కూడా కొత్త సంగతి ఒకటి దొరికింది. గురుత్వాకర్షణ మీద మీ పాత వీడియో ఉంటే, ఆ పోస్టు కింద మీరే ఒక కామెంటులో దాని లింకు పెట్టి, అది అన్నింటికంటే పైన ఉండేలా పిన్ చేయండి. ఎప్పుడో పెట్టిన వీడియోకి మళ్లీ ప్రాణం వస్తుంది.

అన్నట్టు, ఫోటో పోల్ గురించి ఒక హెచ్చరిక. రెండు థంబ్‌నెయిళ్లు పెట్టి "ఏది బాగుంది?" అని అడగడం చాలామందికి అలవాటు. సరదాగా ఉంటుంది, ఓట్లు కూడా బాగా పడతాయి. కానీ ఆ ఫలితాన్ని నమ్మి థంబ్‌నెయిల్ పెట్టేయకండి. పోల్‌లో ఓటేసేవాళ్లలో ఎక్కువమంది మిమ్మల్ని ఇష్టపడి వచ్చినవాళ్లే, పైగా రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నారు. థంబ్‌నెయిల్ పని చేయాల్సింది మీరెవరో తెలియని మనిషి దగ్గర, పది వేరే వీడియోల మధ్య. దానికి యూట్యూబ్‌లోనే టెస్ట్ అండ్ కంపేర్ అని ఉంది. మూడు థంబ్‌నెయిళ్ల దాకా పెడితే, అవి వేర్వేరు ప్రేక్షకులకి చూపించి, దేనివల్ల ఎక్కువసేపు చూశారో లెక్క తేలుస్తుంది. థంబ్‌నెయిల్ నిర్ణయం దానికి వదిలేయండి.

ఫోటో పోస్టుకి ఇంతకంటే మంచి వాడకం ఉంది. సగంలో ఉన్న పనిని దగ్గరగా తీసి, దాని మీద ప్రశ్న అడగండి. అరిగిన బ్రేకు ప్యాడ్ ఫోటో పెట్టి, "దీన్ని ఇంకా వాడొచ్చా, మార్చాలా? ఎందుకు?" అనండి. ఆ "ఎందుకు"ని మర్చిపోవద్దు. కామెంట్లు దానివల్లే వస్తాయి.

(స్క్రీన్ మీద: కామెంట్లు, కొన్నింటి పక్కన హార్ట్.)

కామెంట్లు వచ్చాక మీరు అక్కడ ఉండాలి. పోస్టు పెట్టి ఫోన్ పక్కన పడేసేటట్టయితే, అసలు ఆ టైమ్‌లో పెట్టకండి. పెట్టాక మొదటి గంటో రెండు గంటలో మీరు ఖాళీగా ఉండేటప్పుడే పెట్టండి. స్టూడియోలో షెడ్యూల్ చేసుకునే వీలుంది, కానీ షెడ్యూల్ చేసినా ఆ టైమ్‌కి మీరు జవాబివ్వగలగాలి. హార్ట్ ఇవ్వడం మంచిదే, ఒక్క మాటలో తిరిగి ప్రశ్న వేయడం ఇంకా మంచిది. "ముందు బ్రేకా, వెనకదా?" అంటే చాలు, ఆ మనిషి మళ్లీ రాస్తాడు.

ఎన్ని పోస్టులు పెట్టాలి? నా అభిప్రాయం, వారానికి ఒకటి రెండు దాటనవసరం లేదు. రోజూ శుభోదయం ఫోటోలు పెట్టే ఛానెళ్లున్నాయి. లైకులు బాగానే వస్తాయి. ఆ లైకుల వల్ల ఎవరూ మీ వీడియో దాకా రారు, పైగా మీ పేరు కనపడగానే దాటేసి వెళ్లడం జనానికి అలవాటైపోతుంది. పోస్టు చదివిన సమయం వాచ్ టైమ్‌లో, అంటే మీ వీడియోలు చూసిన సమయంలో, లెక్కకి రాదు. అందుకని స్టూడియో అనలిటిక్స్‌లో లైకులు కాకుండా ఓట్లు, కామెంట్లు చూడండి.

అయితే ఆదాయంతో ఒక్కచోట సంబంధం ఉంది, చాలామందికి తెలియదు. యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో, అంటే వీడియోల మీద ఆదాయం వచ్చే పథకంలో, ఉన్న ఛానెల్ ఆరు నెలలు, ఆ పైన వీడియో గానీ పోస్టు గానీ పెట్టకుండా ఉంటే మానిటైజేషన్, అంటే ఆ ఆదాయం, ఆపేసే హక్కు యూట్యూబ్‌కి ఉంది. ఆరోగ్యం బాగోక, పరీక్షలుండి, ఇంట్లో ఇబ్బందులుండి చాలా రోజులు విరామం తీసుకోవాల్సి వస్తే ఇది గుర్తుంచుకోండి. అలాంటప్పుడు ప్రేక్షకులకి ఒక పోస్టు రాయండి. "కొంతకాలం వీడియోలు రావు, ఛానెల్ ఆపట్లేదు" అంటే సరిపోతుంది. తేదీ ఖచ్చితంగా తెలిస్తేనే చెప్పండి. చెప్పి తప్పడం కంటే చెప్పకపోవడమే నయం.

చివరిగా చిన్న ఛానెళ్లవాళ్లకి ఒక మాట. మీ పోల్‌కి పదిహేను ఓట్లే వచ్చాయనుకోండి. అప్పుడు శాతాలు చూడకండి. అరవై శాతం అంటే తొమ్మిది మంది, ఇంకో ఇద్దరు వేరేది నొక్కి ఉంటే లెక్క తారుమారయ్యేది. అంత తక్కువ మందితో గెలుపోటములు తేల్చలేం. కానీ మీకున్న వెసులుబాటు పెద్ద ఛానెళ్లకి లేదు. వచ్చిన ప్రతి కామెంటూ చదవగలరు, ప్రతి ఒక్కరికీ జవాబివ్వగలరు. పోల్ వదిలేసి ప్రశ్న ఒక్కటే మామూలు పోస్టుగా పెట్టి చూడండి: "మీ సైకిల్‌కి ఈమధ్య వచ్చిన సమస్య ఏంటి? ఏం చేసి చూశారు?" నాలుగు జవాబులొచ్చినా, అందులో ఒకటి పట్టుకుని ఆ మనిషితో రెండు మూడు మాటలు మాట్లాడితే వీడియోకి మొదటి సీను అక్కడే దొరుకుతుంది.