అద్దం కాస్త దించితే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. పరిచయాలు, పొగడ్తలు అధ్యక్షులవారే పూర్తిచేశారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. నాకిచ్చిన అంశం 'బాల్యంలో భయాలు, వాటి జ్ఞాపకాలు'. అందులో ఒకటి తీసుకుంటాను: ఆపిన కారులో ఒంటరిగా ఉండిపోయిన పిల్ల భయం.

చాలామందికి గుర్తున్న మొట్టమొదటి జ్ఞాపకం మూడు, మూడున్నరేళ్ల వయసుది. భయపడినప్పుడు ఊరే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఆ క్షణాన్ని మెదడులో గట్టిగా నాటుతాయి. ముందూ వెనకా చెరిగిపోయినా మూసిన తలుపు, లాగినా రాని పిడి గుర్తుండిపోవచ్చు. 'ఐదు నిమిషాల్లో వస్తా' అంటే మూడేళ్ల పిల్లకేం తెలుస్తుంది? అమ్మ కనబడటం లేదు, అంతే తెలుసు. చైల్డ్ లాక్ వేసుంటే వెనక తలుపు లోపలినుంచి తెరుచుకోదు. ఇంజిన్ ఆపి తాళంచెవి తీసుకెళితే పవర్ విండోలు పనిచేయవు. కొన్ని కార్లలో లోపల కదలిక ఉంటే అలారం మోగుతుంది. పిల్ల ఏడుపుకి అదొకటి తోడు.

భయం గురించే ఇంకా చెబుదామని వచ్చాను. కానీ కారు మాట ఎత్తగానే ఎవరో ఒకరు "అద్దం కాస్త దించే వెళతామండీ, లోపల వేడెక్కదు" అంటారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది! ఎండ అద్దంలోంచి దూరి డాష్‌బోర్డునీ సీట్లనీ కాలుస్తుంది. అవి లోపలి గాలిని కాగబెడతాయి. 2005లో 'పీడియాట్రిక్స్' అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. ఎండలో ఆపిన కారు లోపలి వేడి గంటలో సగటున 22 సెల్సియస్ డిగ్రీలు పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు ఒకటిన్నర అంగుళం దించి కొలిచినా చెప్పుకోదగ్గ తేడా లేదు. మళ్లీ చెబుతున్నాను, తేడా లేదు. బయట చల్లగా 22 డిగ్రీలే ఉన్న రోజున కూడా లోపల 47 దాకా వెళ్లింది. పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకన్నా మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే వడదెబ్బ, 42 దగ్గర ప్రాణాపాయం.

ఏసీ వేసి వెళ్లడమూ పరిష్కారం కాదు. ఇంజిన్ ఆగితే ఏసీ పోతుంది. ఆగకపోతే గేరూ హ్యాండ్‌బ్రేకూ పిల్ల చేతికందుతాయి.

కావాలని వదిలేవాళ్లే కాదు, మరిచిపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లని తిట్టిపోయకండి. రోజూ వెళ్లే దారిలో మెదడు అలవాటు మీద నడిపించేస్తుంది. వెనక్కి తిరిగి ఉండే సీటులో నిద్రపోతున్న బిడ్డ డ్రైవరుకి కనబడదు. అందుకే ఆఫీసు బ్యాగో ఎడమకాలి చెప్పో ఆ సీటు పక్కన పెట్టమంటున్నాం, దిగేటప్పుడు దానికోసమైనా వెనక్కి చూస్తారని. బిడ్డ రాకపోతే వెంటనే ఫోన్ చేయమని బాలవిహార్ వాళ్లకి చెప్పి ఉంచండి.

మూసిన కారులో పిల్ల కనిపిస్తే? మొదట తలుపులన్నీ లాగి చూడండి. అత్యవసర నంబరుకి ఫోన్ చేయిస్తూ ఒకరిని యజమాని కోసం పంపండి. పిల్ల ఎర్రబడి, మగతగా ఉంటే యజమాని కోసం ఆగొద్దు. పిల్లకి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని, మధ్యలో కాదు, మూలన కొట్టండి. ముందు అద్దం జోలికి పోవద్దు, అది పొరలద్దం, పగిలినా ఊడిరాదు. బయటికి తీశాక నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులుచేసి, ఒంటిని నీళ్లతో తడుపుతూ గాలి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి.

కాస్త పెద్ద పిల్లలకి ముందు సీటులోకి పాకి హారన్ నొక్కడం నేర్పండి. చాలా కార్లలో ఇంజిన్ ఆపినా హారన్ మోగుతుంది. మీ కారులో మోగుతుందో లేదో ఇప్పుడే వెళ్లి చూసి రండి. ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుంటాను.