సే, టెల్, స్పీక్, టాక్: ఏది ఎక్కడ? కడప శ్రోతల ఫోన్-ఇన్

ప్రయోక్త: శ్రోతలకు నమస్కారం. తెలుగులో మనం "చెప్పడం", "మాట్లాడటం" అని తేలిగ్గా అనేసే చోట ఇంగ్లీషులో సే, టెల్, స్పీక్, టాక్ అని రకరకాల క్రియలున్నాయి. మీ సందేహాలు తీర్చడానికి కడపలో చాలాకాలం ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరర్ మేడం వచ్చారు. మొదటి ఫోన్ ప్రొద్దుటూరు నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్తే మేడం. బీటెక్ అయిపోయింది, ఇంటర్వ్యూలకు పోతున్నా. 'మై ఫ్రెండ్ సెడ్ మి' అన్నానని ఒకచోట నవ్వారు. సే అన్నా టెల్ అన్నా చెప్పడమే కదా మేడం?

మేడం: నవ్వాల్సిన అవసరం లేదు నాయనా, నేర్చుకునేవాళ్లను చూసి నవ్వడం నాకు అస్సలు నచ్చదు. టెల్ అనగానే వినే మనిషి పక్కనే రావాలి. 'హి టోల్డ్ మి.' మధ్యలో 'టు' పెట్టకూడదు. మనం "నాకు" అంటాం కదా, ఆ "కు" వల్ల 'టోల్డ్ టు మి' అని నోటికి వచ్చేస్తుంది. సే వెనక మాత్రం చెప్పిన మాట వస్తుంది. 'హి సెడ్ హి వాజ్ బిజీ.' ఎవరితో అన్నాడో కూడా కావాలంటే అప్పుడు 'సెడ్ టు మి'.

శ్రోత: మరి 'టెల్ ద ట్రూత్' అంటారు, అందులో మనిషి లేడే?

మేడం: బాగా పట్టుకున్నావు. నిజం, అబద్ధం, కథ, టైమ్, ఇవి మనిషి లేకున్నా టెల్‌తో పోతాయి. 'టెల్ ఎ లై' అంటారు, 'సే ఎ లై' అనరు. ఇవి సూత్రానికి దొరకవు, వాక్యంతో సహా గుర్తుపెట్టుకోవడమే.

ప్రయోక్త: రాయచోటి నుంచి ఒక అక్క లైన్‌లో ఉన్నారు.

శ్రోత: మేడం, మా తమ్ముడు డ్రైవర్ పనికి కువైట్ పోతున్నాడు. పదో తరగతి చదివినాడు. అక్కడ ఇంటివాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తే ఎట్లని టెన్షన్ పడుతున్నాడు.

మేడం: టెన్షన్ వద్దమ్మా. ఆయనకు రోజూ పనికొచ్చేవి చెప్తా, రాసుకో. 'మేడం టోల్డ్ మి టు వెయిట్' అంటే నన్ను ఉండమని చెప్పింది. 'మేడం టోల్డ్ మి షి వాజ్ వెయిటింగ్' అంటే తానే ఎదురుచూస్తున్నానని చెప్పింది. ఈ రెండూ తారుమారైతే కారు ఒకచోట, ఆమె ఇంకోచోట. వద్దన్నదాన్ని చెప్పాలంటే 'టోల్డ్ మి నాట్ టు పార్క్ హియర్', ఆ 'నాట్' 'టు'కు ముందు రావాలి. ఇలాంటి వాక్యాల్లో టోల్డ్ అంటే కొంచెం ఆజ్ఞలా ఉంటుంది. మర్యాదగా అడిగారనడానికి 'ఆస్క్డ్ మి టు'.

శ్రోత: వాళ్లు చెప్పింది వినపడకపోతే మేడం?

మేడం: 'కుడ్ యూ సే దట్ అగైన్, ప్లీజ్?' అనాలి. మనవాళ్లు చాలామంది 'వాట్ యూ ఆర్ టెల్లింగ్?' అంటారు. 'వాట్ ఆర్ యూ సేయింగ్?' అనేది సరైన వాక్యం. కాకపోతే యజమానితో అది గద్దించినట్టు వినిపించొచ్చు, మొదటిదే వాడమను. ఫోన్‌లో ఎవరినైనా పిలవమనాలంటే 'మే ఐ స్పీక్ టు' అని పేరు చెప్పాలి. భాష సంగతికి కూడా స్పీక్ వాడాలి. 'ఐ స్పీక్ తెలుగు' అంటాం, 'టాక్ తెలుగు' అనం. ఊరికే కబుర్లు చెప్పుకోవడమైతే టాక్. నీ తమ్ముడు వెళ్లేలోపు ఈ వాక్యాలు పైకి అంటుంటే నువ్వు విను తల్లీ, కంటితో చదివితే చాలదు.

ప్రయోక్త: అనంతపురం నుంచి సార్, అడగండి.

శ్రోత: బ్యాంకులో డబ్బు ఇచ్చే కౌంటర్‌ను టెల్లర్ అంటారు. అక్కడ చెప్పేదేముంది మేడం?

మేడం: ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న సార్! పాత ఇంగ్లీషులో టెల్‌కు లెక్కపెట్టడం అనే అర్థం కూడా ఉండేది. టెల్లర్ అంటే డబ్బు లెక్కపెట్టేవాడు. మొత్తం లెక్కేస్తే అనడానికి ఇప్పటికీ 'ఆల్ టోల్డ్' అంటారు. గుర్తుపట్టడం అనే అర్థమూ ఉంది. కవలల్ని చూసి 'ఐ కాంట్ టెల్ దెమ్ అపార్ట్' అంటే ఎవరెవరో పోల్చుకోలేకపోతున్నానని.

ప్రయోక్త: ఇక్కడ కడప నుంచే, ఎర్రముక్కపల్లి.

శ్రోత: మా ఇంటి పక్కనే బ్రౌన్ గ్రంథాలయం. ఆయన నిఘంటువు చూసుకుంటే సరిపోదా మేడం?

మేడం: తప్పకుండా చూడండి. 1820లో కడప వచ్చిన బ్రౌన్ దొర తెలుగు మాటకు అర్థంతో ఆగకుండా వాడుక వాక్యాలు కూడా ఇచ్చారు. నేనూ అదే అడుగుతున్నా, మాటను వాక్యంలో పెట్టి చూడమని. అయితే ఆ నిఘంటువు 1852 నాటిది. నేటి ఇంగ్లీషు వాడుకకు ఇప్పటి నిఘంటువు పక్కన పెట్టుకోండి.

ప్రయోక్త: ఆఖరి ఫోన్, జమ్మలమడుగు.

శ్రోత: మా పాప క్లాసులో 'ఎక్స్‌ప్లెయిన్ మి' అంటే టీచర్ తప్పని చెప్పారంట. 'టెల్ మి' ఒప్పయినప్పుడు ఇదెందుకు తప్పు?

మేడం: అర్థం దగ్గరైనా నడక వేరమ్మా. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, మెన్షన్, ఈ మూడింటికీ మనిషి ముందు 'టు' కావాలి. 'ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ దిస్ సమ్ టు మి' అనమను. డిస్కస్ తర్వాత మాత్రం 'అబౌట్' పెట్టొద్దు, 'వి డిస్కస్డ్ ద లెసన్' చాలు. పాప దగ్గరుందా? ఉంటే ఫోన్ ఇవ్వు, ఒకసారి నాతో అనిపిద్దాం.