ఒకే నంబరు ఇద్దరికి రాకుండా: పెర్ల్‌లో ఫైల్ లాకింగ్

అందరికీ నమస్కారం. కోతలప్పుడు మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు ఎంత దూరం బారులు తీరతాయో నల్లగొండ పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. ఆ బారుకు టోకెన్లిచ్చే చిన్న పెర్ల్ ప్రోగ్రాం రాస్తున్నామనుకుందాం. చివరి నంబరు ఒక ఫైల్లో ఉంటుంది. ప్రోగ్రాం దాన్ని చదివి, ఒకటి కలిపి, తిరిగి రాస్తుంది. ఒక్క గేటే అయితే ఏ టెన్షనూ లేదు. రెండు గేట్లు పెట్టి రెండు ప్రాసెస్‌లు (అదే ప్రోగ్రాం ఒకేసారి రెండు చోట్ల) నడిపితే, ఒక్కోసారి రెండూ 412 చదువుతాయి, రెండూ 413 రాస్తాయి. ఎర్రర్ ఏమీ రాదు. రాత్రంతా ట్రాక్టర్ మీదే పడుకున్న రైతు టోకెనే ఇంకొకరి చేతిలోనూ ఉంటుంది. ఆయనకు ఏం జవాబు చెప్తాం?

దీనికి పెర్ల్‌లో ఫ్లాక్ (flock) ఉంది, ఫైలుకు తాళం వేసే ఫంక్షన్. ఒక ప్రాసెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ (ఒక్కసారికి ఒక్కరికే దక్కే తాళం) తీసుకుంటే, అదే అడిగిన రెండోది ఆగుతుంది. కానీ రాసేముందు లాక్ వేస్తే చాలదు. చదవకముందే వేసి, రాయడం పూర్తయ్యేదాకా వదలకూడదు. '>' (రాయడానికి మాత్రమే) తో తెరిస్తే లాక్ దాకా రాకముందే ఫైలు ఖాళీ అవుతుంది. అందుకని '+<' (చదవడానికీ రాయడానికీ) తో తెరవండి. లాక్ వేసి చదవండి. సీక్‌తో మొదటికి వెళ్లి, ట్రంకేట్‌తో పాతది తుడిచి, కొత్త నంబరు రాసి క్లోజ్ చేయండి. విడిగా అన్‌లాక్ అక్కర్లేదు. బఫర్‌లో (ఫైలుకు చేరేముందు మెమరీలో) ఉన్నది ఫైల్లోకి పోయాకే క్లోజ్ లాక్‌ను వదులుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఫోర్క్ దగ్గర, అంటే ఒక ప్రాసెస్ తనలాంటి ఇంకో ప్రాసెస్‌ను పుట్టించే చోట. తండ్రి ప్రాసెస్ ఫైలు తెరిచి ఫోర్క్ చేస్తే, పిల్ల ప్రాసెస్‌కూ అదే హ్యాండిల్ (తెరిచిన ఫైలును పట్టుకునే పిడి) వస్తుంది. లినక్స్‌లో ఫ్లాక్ ప్రాసెస్‌కు కాదు, ఆ తెరిచిన హ్యాండిల్‌కు అంటుకుని ఉంటుంది. కాబట్టి లాక్ ఇద్దరిదీ అవుతుంది, ఎవరూ ఎవరినీ ఆపరు. ఫైల్లో ఎక్కడున్నామన్న లెక్క కూడా ఉమ్మడే. ఫోర్క్ అయ్యాక పిల్ల తన ఫైలు తానే తెరవాలి. ఫోర్క్ పని చూసుకునే పెర్ల్ మాడ్యూల్ పారలల్ ఫోర్క్‌మేనేజర్ వాడినా అంతే, పిల్లను పుట్టించే స్టార్ట్ తర్వాతే ఓపెన్.

ఇంకోటి, యూనిక్స్‌లో ఫ్లాక్ అడిగినవాళ్లనే ఆపుతుంది. అడగకుండా నేరుగా రాసే స్క్రిప్టు ఒక్కటున్నా మీ జాగ్రత్తంతా వృథా. ఆ ఫైలు ముట్టుకునే ప్రతి ప్రోగ్రాంలోనూ లాక్ ఉండాల్సిందే.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో రెండు టెర్మినళ్లు తెరవండి. చదవడానికీ రాయడానికీ మధ్య 5 సెకన్ల స్లీప్ పెట్టి, ముందు లాక్ లేకుండా, తర్వాత లాక్‌తో నడపండి. ప్రతిసారీ ఫైల్లో ఏ నంబరుందో చూసి నాకు చెప్పండి.