తగ్గిన బరువు నిలబడాలంటే

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

బరువు తగ్గాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది "ఎన్నాళ్లలో తగ్గుతాను?" అని. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. తగ్గడం కోసం ఈరోజు ఏ తిండి మొదలుపెడుతున్నామో, ఐదేళ్ల తర్వాత కూడా ఆ తిండే ఇష్టంగా తినగలమా? తినలేమనుకుంటే ఆ పద్ధతిని మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కఠినమైన నియమాలు పెట్టుకున్న మొదటి వారంలో తూకం రెండు మూడు కిలోలు పడిపోవడం, మనిషి ఉప్పొంగిపోవడం మామూలే. కానీ ఆ తగ్గినదానిలో ఎక్కువ భాగం నీరే. మన కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజెన్ రూపంలో సుమారు అర కిలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రామునూ మూడు గ్రాముల దాకా నీరు అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, తిండి ఒక్కసారిగా తగ్గించినప్పుడు నిల్వతో పాటు ఆ నీరూ పోతుంది, మళ్లీ మామూలుగా తినగానే తిరిగి చేరుతుంది. కొవ్వు అంత తేలికగా కదలదు. కిలో కొవ్వులో దాదాపు 7,700 కిలో కేలరీల శక్తి ఉంటుంది. రోజుకు 500 కిలో కేలరీలు తక్కువ తిన్నా, ఆ కిలో కరగడానికి రెండు వారాలు పడుతుంది.

కడుపు మాడ్చుకుంటే ఏమవుతుందో 1944లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలైన ప్రయోగం చూపించింది. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు 24 వారాల పాటు వారి అలవాటులో సుమారు సగం తిండే పెట్టగా, వారి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. దానితో పాటు నీరసం, చలి, చిరాకు పట్టుకున్నాయి, తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నవారు కూడా వారిలో ఉన్నారు. ప్రయోగం ముగిశాక కొందరికి ఎంత తిన్నా తనివి తీరలేదు. కొవ్వు కణాల నుంచి వెలువడే లెప్టిన్ అనే హార్మోన్‌ను 1994లో కనుగొన్నాక దీని వెనుక ఉన్న కారణాలలో ఒకటి తెలిసింది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, అది చూసి మెదడు ఆకలిని పెంచి, శక్తి ఖర్చును తగ్గిస్తుంది. తగ్గి మళ్లీ పెరిగినవారిని "నోరు కట్టుకోలేరు" అని ఎగతాళి చేసేవారు ఈ సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

అలాగని నిదానంగా తగ్గితే చాలు, బరువు తిరిగి రాదనుకోవడమూ పొరపాటే. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 200 మందిపై జరిపి, 2014లో ప్రచురించిన పరిశోధనలో ఒక బృందం 12 వారాలలో, మరో బృందం 36 వారాలలో బరువు తగ్గాలని ప్రయత్నించాయి. అనుకున్నంత తగ్గినవారిని ఆ తర్వాత దాదాపు మూడేళ్లు గమనిస్తే, రెండు బృందాల్లోనూ పోయిన బరువులో సుమారు 70 శాతం తిరిగి వచ్చేసింది. మరి నిదానం ఎందుకంటే, మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం, కండ కరిగే అవకాశం పెరుగుతాయి. అంతకంటే ముఖ్యంగా, చిన్న మార్పుతో మాత్రమే మనిషి ఏళ్ల తరబడి కాపురం చేయగలడు.

ఎంత చిన్న మార్పు? బాణలిలోకి నూనెను సీసాతో వంచినప్పుడు చేతికి కొలత తెలియదు. అదే పెద్ద చెంచాతో కొలిచి పోస్తే, ఎంత పోస్తున్నామో కంటికి కనబడుతుంది. ఆ చెంచాడు నూనెలో సుమారు 120 కిలో కేలరీలుంటాయి. ఒక మనిషి వంతుకు వచ్చే నూనెలో అంత తగ్గినా రుచిలో తేడా అంతగా తెలియదు. అధిక బరువున్నవారు రోజుకు 100 కిలో కేలరీలు శాశ్వతంగా తగ్గించుకుంటే సగటున నాలుగున్నర కిలోల దాకా తగ్గుతారని, అందులో సగానికి ఏడాది, దాదాపు మొత్తానికి మూడేళ్లు పడుతుందని 2011లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మూడేళ్లా అని నిట్టూర్చేవారు, పోయిన మూడేళ్లలో ఎన్ని నియమాలు మొదలుపెట్టి వదిలేశారో ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఏం తింటున్నామన్నదీ ముఖ్యమే. 2019లో అమెరికాలో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా శుద్ధిచేసి తయారుచేసిన ఆహారం, మరో రెండు వారాలు సహజమైన పదార్థాలతో వండిన ఆహారం కావలసినంత తినమని ఇచ్చారు. వడ్డించినదానిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగానే ఉన్నా, మొదటి రకం పెట్టినప్పుడు వారు రోజుకు సుమారు 500 కిలో కేలరీలు ఎక్కువ తిన్నారు, త్వరత్వరగానూ తిన్నారు. అందుకే పొట్లంలోంచి నేరుగా తినకుండా పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని, నమిలి తినమని చెబుతాను. పీచు, మాంసకృత్తులు ఉన్న భోజనం ఎక్కువసేపు ఆకలి వేయనివ్వదు.

ఎంత తగ్గితే మేలు అన్న విషయంలో భయపడనక్కరలేదు. మధుమేహం అంచున ఉన్న మూడు వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం ఒకటి 2002లో అమెరికాలో వెలువడింది. 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న బృందంలో, మామూలు సలహాలతో సరిపెట్టిన బృందంతో పోలిస్తే ఆ వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. ఇప్పటికే మధుమేహానికి మందులో, ఇన్సులినో వాడుతున్నవారు మాత్రం తిండి తగ్గించే ముందే వైద్యుడితో మాట్లాడి మోతాదు సరిచూసుకోవాలి, లేకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, ఎదిగే పిల్లలు ఇలాంటి ప్రయత్నాలు సొంతంగా చేయకూడదు.

ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.