సిమెంటు రేకు నుంచి చెదల మందు దాకా: డెల్టాలో ఇల్లు కట్టే సరుకులకు నా రంగులు

నమస్కారం అండి. ఇల్లు కట్టుకుంటున్నవారు నన్ను చాలా అడుగుతుంటారు. ధర ఎంత, ఎన్నేళ్లు మన్నుతుంది, వర్షానికి ఆగుతుందా అని. ఇందులో ఏ రసాయనం ఉంది అని అడిగేవారు మాత్రం అరుదు. ఈ రోజు వీడియోలో ఆ ఒక్క సంగతే చూద్దాం. గోదావరి డెల్టాలో మనం వాడే కొన్ని సరుకులకు, ఆరోగ్యానికీ పరిసరాలకూ అవి చేసే హానిని బట్టి రంగులు ఇస్తాను. ఎరుపు అంటే వద్దు. నారింజ అంటే వేరే దారి లేకపోతేనే. పసుపు అంటే జాగ్రత్తతో వాడుకోవచ్చు. ఆకుపచ్చ అంటే నిశ్చింతగా తెచ్చుకోండి. ఏ కంపెనీ నుంచీ డబ్బు తీసుకోలేదు, ఉచితంగా సరుకూ తీసుకోలేదు.

ఇలా గ్రేడు ఇవ్వడం నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో గ్రీన్‌స్క్రీన్ అనే పద్ధతి ఉంది. ఒక్కో రసాయనాన్ని 18 కోణాల్లో చూస్తారు. క్యాన్సర్ తెస్తుందా, కడుపులో బిడ్డకు హాని చేస్తుందా, చర్మానికి పడదా, చేపలకు విషమా, మట్టిలో ఎన్నాళ్లు నిలిచి ఉంటుంది, ఇలాంటివన్నీ. చివరికి 1 నుంచి 4 వరకు ఒక అంకె వేస్తారు. 1 వస్తే మానుకోవాల్సిన రసాయనం, 4 వస్తే మంచిది. నాకు బాగా నచ్చింది ఆ అంకెలు కాదు, 'యు' అనే గుర్తు. తేల్చడానికి సమాచారం చాలకపోతే అది వేస్తారు. తెలియనిదాన్ని సురక్షితం అనరు. మన దుకాణాల్లో తెలియకపోతే 'ఏమీ కాదండి, అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు' అంటారు.

అయితే ఆ పద్ధతితో నాకు ఒక పేచీ ఉంది. అది రసాయనం గుణాన్ని కొలుస్తుంది. ఆ రసాయనం ఉన్న సరుకును కోసే మనిషినీ, చివరికి అది పడే నేలనూ లెక్కలోకి తీసుకోదు. మన దగ్గర నాలుగు గునపపు పోట్లు వేస్తే నీళ్లు ఊరే ఊళ్లు ఎన్నో. ఏడాదిలో చాలా నెలలు ఉక్క. అక్టోబరు, నవంబరు వస్తే తుఫాను భయం. అందుకని నేను మూడు చోట్ల చూస్తాను. పని జరిగేటప్పుడు మేస్త్రి, వడ్రంగి ఏం పీలుస్తారు? కాపురం ఉన్నన్నాళ్లు మనం ఏం పీలుస్తాం? విరిగిపోయాక అది ఎక్కడికి చేరుతుంది? ఈ మూడింటిలో ఎక్కడ అధ్వానంగా ఉంటే ఆ రంగే సరుకుకు.

ముందుగా సిమెంటు రేకులు. ఫొటో మాత్రమే చూపిస్తున్నాను, ముక్క తెచ్చి బల్ల మీద పెట్టలేదు. ఎందుకో మీకే తెలుస్తుంది. పశువుల పాక, కోళ్ల షెడ్డు, రొయ్యల చెరువు గట్టు మీద కాపలా గది, పెరటి వసారా, ఎక్కడ చూసినా ఇవే. రేకు మీద ఐఎస్ 459 అనే భారత ప్రమాణం ముద్ర ఉంటే అది ఆస్బెస్టాస్ రేకు. సిమెంటుకు బలం కోసం అందులో తెల్ల ఆస్బెస్టాస్ అనే ఖనిజపు పీచు కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ మనుషులకు క్యాన్సర్ తెచ్చే మొదటి వర్గంలో పెట్టింది. యూరోపియన్ యూనియన్‌లో 2005 నుంచి నిషేధం ఉంది. మన దేశంలో గనులు ఆగిపోయినా, పీచును దిగుమతి చేసుకుని రేకులు చేసి అమ్మడం చట్టబద్ధమే.

చెక్కుచెదరని రేకు కింద కూర్చున్నంత మాత్రాన ఉపద్రవం ఏమీ లేదు. పీచు సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. రంపంతో కోసినా, డ్రిల్లు వేసినా, పగిలినా కంటికి ఆనని పీచు గాలిలోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లో దిగబడితే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. జబ్బు బయటపడేది 20 నుంచి 40 ఏళ్ల తరువాత. ఇరవై ఏళ్ల వయసులో రేకులు కోసిన కుర్రవాడికి ముసలితనంలో ఆయాసం వస్తే, ఈ పని వల్లేనని ఏ డాక్టరు చెప్పగలడు? అందుకే ఈ హాని ఎవరి లెక్కలోనూ పడదు.

ఇక తుఫాను సంగతి. 1996 నవంబరులో కోనసీమ మీద విరుచుకుపడిన తుఫాను లాంటిది వస్తే రేకులు ఎగిరి ముక్కలవుతాయి. ఆ ముక్కల్ని మనం ఏం చేస్తాం? దారి గుంతల్లో వేస్తాం, చెరువు గట్టుకు దన్నుగా పేరుస్తాం. వాటి మీద ట్రాక్టరు తిరిగినప్పుడల్లా పొడి లేస్తుంది. నా రంగు ఎరుపు, ఇందులో సందేహం లేదు.

ఇప్పటికే వేయించుకున్నవారు కంగారుపడి సుత్తితో పగలగొట్టించకండి. అదే అన్నిటికంటే ప్రమాదం. పగుళ్లు లేకపోతే ఉండనివ్వండి. వైరు బ్రష్షుతో నాచు గీకవద్దు. తీయక తప్పకపోతే బాగా తడిపి, బోల్టులు విప్పి, రేకును ముక్క చేయకుండా దించి, పట్టాలో చుట్టించండి. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఆ పీచును ఆపదు. రేకు మీది వాన నీటి గురించి కూడా అడుగుతున్నారు. నీటితో పాటు మింగిన పీచు హాని చేస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అసలు భయం గాలితోనే.

దాని బదులు ఏమిటి? ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకులు దొరుకుతాయి. కోసేటప్పుడు ఊపిరితిత్తులకు చేటు చేసే సిలికా దుమ్ము ఉంటుంది కాబట్టి పసుపు. రంగు వేసిన ఇనుప రేకులకూ పసుపే, కానీ అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి కోసిన అంచులు త్వరగా తుప్పు పడతాయి. బెంగుళూరు పెంకుకు ఆకుపచ్చ. కాల్చిన మట్టి, విరిగితే మళ్లీ మట్టిలోకే. కోతులున్న ఊళ్లవారు మాత్రం ఈ సలహా ఇచ్చానని నన్ను తిట్టుకోకండి.

రెండోది ప్లైవుడ్. ఇదిగో, ఈ ఎంఆర్ రకం (కొద్దిపాటి తేమకు ఆగేది) ముక్కను వాసన చూడండి అని మీకు చెప్పలేను గానీ, కొత్త అలమార తలుపు తీయగానే కళ్లు మండే ఘాటు గుర్తుందా? అది ఫార్మాల్డిహైడ్. ఇదీ క్యాన్సర్ మొదటి వర్గమే, 2004లో చేర్చారు. ఎంఆర్ ప్లైవుడ్‌లో యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. వేడి, తేమ పెరిగేకొద్దీ ఆ జిగురు విడిపోతూ వాయువును వదులుతుంది. ఈ వాయువు తక్కువ వదులుతుందని చెప్పే ఈ1 ముద్ర ఉంది కదా అంటారు. యూరప్ ప్రమాణం ప్రకారం ఆ పరీక్ష చేసేది 23 డిగ్రీల ఉష్ణోగ్రత, 45 శాతం తేమ దగ్గర. మే నెలలో అమలాపురంలో ఆ రెండు అంకెలూ ఒకేసారి నాకు చూపించండి! పడకగదికి ఎంఆర్ ప్లైవుడ్, పార్టికల్ బోర్డు రెండూ నారింజ. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్‌లో వాడేది ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు. నీటికి తట్టుకుంటుంది, వాయువు చాలా తక్కువ వదులుతుంది. పసుపు ఇస్తున్నాను. ఆకుపచ్చ ఎందుకు కాదంటే, కోసేటప్పుడు వచ్చే కలప పొడి కూడా వడ్రంగికి మంచిది కాదు.

ఇక గోడలకు, గ్రిల్లులకు పూసే పెయింట్ల గురించి క్లుప్తంగా. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని 2017 నవంబరు 1 నుంచి నియమం అమల్లో ఉంది. అది ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులకే. గ్రిల్లులకు పూసే పారిశ్రామిక రంగులు దాని కిందికి రావు. పసుపు పచ్చని జింక్ క్రోమేట్ ప్రైమర్‌కు నా రంగు ఎరుపు. అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం. పాత గ్రిల్లును పొడిగా గరుకు కాగితంతో రుద్దించకండి, తడిపి రుద్దించండి, పిల్లలను దూరంగా ఉంచండి. సున్నానికి ఆకుపచ్చే, కానీ రాయి సున్నం నీళ్లలో ఉడుకుతున్నప్పుడు కంట్లో చింది చూపు పోయే ప్రమాదం ఉంది. సహజమైనదంతా మెత్తనిది కాదు.

ఇటుకలు: మట్టి ఇటుక పొలం పైమన్నును తింటుంది, బూడిద ఇటుకను కోస్తే సిలికా దుమ్ము. రెండూ పసుపు, ముందుకు వెళదాం.

చెదల మందు దగ్గర ఆగుతాను. పునాదిలో పోయడానికి ఎక్కువగా వాడేది క్లోర్‌పైరిఫాస్. నరాల మీద పనిచేసే మందు. కొన్ని మినహాయింపులతో దీన్ని 2025లో, పరిసరాల్లో చాలాకాలం నిలిచే విషాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం తొలగించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చారు. నీరు లోతుగా ఉన్న మెట్ట నేలలో ఇదొక లెక్క. ఆవరణలో నుయ్యి, ప్రహరీ అవతల పంటబోదె, ఆ పక్కన రొయ్యల చెరువు ఉన్న చోట ఇంకో లెక్క. చేపలకు, రొయ్యలకు అతి తక్కువ మోతాదు చాలు. డెల్టాకు ఎరుపు. బదులుగా చెప్పే ఇమిడాక్లోప్రిడ్ మనుషులకు కాస్త నయమే గానీ, నీటి పురుగులకూ తేనెటీగలకూ కాదు. నారింజ. పునాది గోడ మీద పగుళ్లు లేని కాంక్రీటు పట్టీ వేసి, గుమ్మం కలప నేలకు తగలకుండా ఎత్తులో పెట్టించి, ఇంటి చుట్టూ పుల్లా పుడకా పోగుపడకుండా చూసుకుంటే మందు అవసరం చాలావరకు తగ్గుతుంది. అయినా పోయించాలనుకుంటే డబ్బా మీది చీటీ చదివాకే మూత తీయనివ్వండి. వాన పడే రోజు, నేలలో నీరు ఊరుతున్న రోజు వద్దే వద్దు.

చివరగా, మీలో చాలామంది అడిగిన వాటర్‌ప్రూఫింగ్ డబ్బా ఇది. డబ్బా మీద పదార్థాల పేర్లు లేవు. రసాయన భద్రతా పత్రం అడిగితే దుకాణంలో ధరల పట్టిక ఇచ్చారు. దీనికి నాలుగు రంగుల్లో ఏదీ ఇవ్వను, 'యు' వేస్తున్నాను. పత్రం చేతికి వస్తే రంగు మార్చి, కింద వివరణలో పెడతాను. మీ దగ్గర ఉంటే పంపండి.