వరద వెనకే వచ్చే ఉత్తరం

(విజయవాడలో ఒక కాలనీ గ్రంథాలయంలో, రిటైర్డ్ ఉద్యోగుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు కాస్త దగ్గరగా పెట్టుకుంటాను. ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చుని టోకెన్ నంబర్లు అరిచిన గొంతు ఇది, ఇంతకంటే లేవదు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ఆ రోజు మీలో ఎవరూ మర్చిపోయి ఉండరు. ఒకపక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పొంగిపోతోంది, మర్నాటికి 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇంకోపక్క బుడమేరు వాగు ఊరి మీద పడింది. సింగ్‌నగర్‌లో డ్రోన్లతో అన్నం పొట్లాలు దించిన రోజులవి. మేం మేడ మీద ఉన్నాం. కరెంటు లేదు. మూడో రోజు ఎవరో పుణ్యాత్ముడు పవర్ బ్యాంక్ ఇస్తే ఫోన్ తెరిచాను. అమెరికా నుంచి మా అబ్బాయి మెసేజ్: "నాన్నా, ఈ మెయిల్ నిజమేనా? రెండు వందల డాలర్లు పంపుదామనుకుంటున్నా."

మెయిల్ ఇంగ్లీషులో ఉంది. విజయవాడ వరదలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల కోసమట. కింద ఒక ఫోటో. నడుంలోతు నీళ్ళలో ఒకావిడ బిడ్డని భుజాన వేసుకుని వస్తోంది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నాకూ తరుక్కుపోయింది, నీళ్ళ మధ్యలో కూర్చుని కూడా. ఆ తర్వాత ఎందుకో ఫోటోని వేళ్ళతో సాగదీశాను. ఆవిడ వెనక ఒక కొట్టు, దాని మీద బోర్డు. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి కానీ తెలుగు కాదు, మలయాళం! సింగ్‌నగర్‌లో మలయాళం బోర్డుతో కొట్టు ఎక్కడుందో నేనైతే ఎరగను. ఎక్కడో కేరళ వరదల నాటి ఫోటో మన ఊరికి వలస వచ్చిందన్నమాట.

మా ఆవిడకి చెబితే, "మునిగింది మనం, వసూళ్ళు వాడికా!" అంది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు అని సామెత. ఆ సామెత చేసినవాడికి ఈమెయిల్ తెలిసి ఉంటే ఇంకా గట్టిగా చేసి ఉండేవాడు.

ఇలాంటి వాటికి ఎవరు పడతారు అని అడిగితే అందరూ ఒకటే చెబుతారు: ఆశపోతులు, తెలివి తక్కువ వాళ్ళు. లాటరీ మెయిల్ విషయంలో ఆ మాట కొంత చెల్లుతుందేమో. విరాళం మెయిల్‌కి చెల్లదు. దీనికి పడేది జాలి ఉన్నవాళ్ళు. పైగా ఇందులో ఇంకో కిటుకు ఉంది. బ్యాంకులో పనిచేసిన నాకే ఇది ఆలస్యంగా తట్టింది. లాటరీలో మోసపోతే పది రోజుల్లో తెలిసిపోతుంది, ఎందుకంటే వస్తుందన్నది రాదు. ఆన్‌లైన్‌లో చీర కొని మోసపోతే, చీర రాదు. విరాళంలో మనకి రావాల్సింది ఏమీ లేదు కదా! పంపాం, మనసు తేలికపడింది, నిద్రపోయాం. మోసపోయామన్న సంగతి చచ్చేదాకా తెలియదు. ఒకవేళ అనుమానం వచ్చినా, "పుణ్యానికి ఇచ్చాం, పోతే పోయిందిలే" అనుకుంటాం. ఫిర్యాదు చేసే నాథుడే లేని దొంగతనం ఇది.

రెండు పాత కేసులు చెబుతాను. రెండూ అమెరికావే, కోర్టుకి వెళ్ళినవే.

మొదటిది 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాతది. మన కోస్తాని కూడా తాకిన సునామీ అది. పిట్స్‌బర్గ్‌లో ఒక కుర్రాడు మెర్సీ కోర్ అనే పేరున్న సహాయ సంస్థ తరఫున రాసినట్టు మెయిల్ తయారుచేసి, 8 లక్షల మందికి పైగా పంపాడు. ఎఫ్‌బీఐ పట్టుకుంది. వాడికి దక్కింది ఎంతో తెలుసా? దాదాపు 150 డాలర్లు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, ఆ బాపతు.

రెండోది మరుసటి ఏడాది, 2005లో కత్రినా తుఫాను న్యూ ఓర్లీన్స్‌ని ముంచినప్పటిది. ఫ్లోరిడాలో ఒకాయన వెబ్‌సైటు పెట్టాడు. తను పైలట్‌నని, సొంతంగా విమానం నడుపుకుంటూ మందులు తీసుకెళ్తున్నానని, జబ్బు చేసిన పిల్లల్ని అక్కణ్ణించి తరలిస్తున్నానని రాసుకున్నాడు. ఇంధనానికి డబ్బు కావాలన్నాడు. విమానమూ లేదు, ప్రయాణమూ లేదు. రెండు రోజుల్లో 48 మంది దగ్గర దాదాపు 40 వేల డాలర్లు వచ్చాయి.

8 లక్షల మందికి మెయిల్ కొడితే 150, ఒక కథ చెబితే 48 మంది దగ్గరే 40 వేలు. తేడా ఎక్కడుంది? మొదటివాడు సంస్థ పేరు అరువు తెచ్చుకున్నాడు. రెండోవాడు మనిషిని సృష్టించాడు. అందుకే, "స్పెల్లింగ్ తప్పులుంటే మోసం మెయిల్" అని పేపర్లలో రాసే సలహా నాకు పెద్దగా నచ్చదు. తప్పులున్న మెయిల్‌ని మీరు ఎలాగూ నమ్మరు. భయపడాల్సింది బాగా రాసిన దాన్ని చూసి. ఇప్పుడైతే కృత్రిమ మేధతో తప్పుల్లేని తెలుగులో కూడా రాయించుకోవచ్చు, బొమ్మలూ వేయించుకోవచ్చు. 2023 ఫిబ్రవరిలో టర్కీ, సిరియా భూకంపం తర్వాత విరాళాలు అడుగుతూ ఒక బొమ్మ తిప్పారు. శిథిలాల మధ్య ఫైర్‌మ్యాన్ ఒకాయన చంటిబిడ్డని ఎత్తుకుని ఉంటాడు. చేతికి ఆరు వేళ్ళు! అప్పటికి కంప్యూటర్‌కి వేళ్ళు లెక్కపెట్టడం రాదు. ఇప్పుడు వచ్చేసింది, కాబట్టి వేళ్ళు లెక్కపెట్టి లాభం లేదు.

మరి దేన్ని చూడాలి? పంపినవాడి చిరునామాని. పైన కనపడే పేరుని కాదండోయ్. అక్కడ "రెడ్‌క్రాస్" అని నేనైనా రాసుకోవచ్చు, మీరైనా రాసుకోవచ్చు. ఆ పేరు మీద నొక్కితే అసలు చిరునామా కనిపిస్తుంది. దాన్ని చదవడానికో పద్ధతి ఉంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తర్వాత. ఇంటర్నెట్ చిరునామాలో తిరగబడి ఉంటుంది, ఇంటిపేరు చివర. అమెరికా రెడ్‌క్రాస్ చిరునామా రెడ్‌క్రాస్ డాట్ ఓఆర్‌జీతో ముగుస్తుంది. "రెడ్‌క్రాస్ డాట్ ఓఆర్‌జీ డాట్ ఫ్లడ్‌హెల్ప్ డాట్ కామ్" అని ఉందనుకోండి, అది రెడ్‌క్రాస్ వాళ్ళ పిల్ల కాదు, ఫ్లడ్‌హెల్ప్ వాళ్ళ పిల్ల. వెబ్‌సైటు లింకులోనూ అంతే. ముందుండే హెచ్‌టీటీపీఎస్‌నీ, దాని పక్కన జంట గీతల్నీ వదిలేసి, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత (స్లాష్) వచ్చేదాకా వెళ్ళి, అక్కణ్ణించి వెనక్కి చదవాలి. ప్రభుత్వానిదైతే గవ్ డాట్ ఇన్ దగ్గర ఆగాలి.

అదీ సరిగ్గా చదవాలి. 2020 మార్చిలో పీఎం కేర్స్ నిధి ప్రకటించగానే ఏమైందో గుర్తుందా? అసలు యూపీఐ ఐడీ "పీఎంకేర్స్ ఎట్ ఎస్‌బీఐ". మోసగాళ్ళు చివరి 'ఎస్' తీసేసి "పీఎంకేర్" అని ఒకటి పుట్టించారు. ఢిల్లీ పోలీసులు చెప్పి దాన్ని ఆపించాల్సి వచ్చింది. ఒక్క అక్షరం. నేను కౌంటర్‌లో ఉన్నప్పుడు చెక్కు మీద సంతకంలో పొల్లు తేడా ఉన్నా వెనక్కి పంపేవాణ్ణి, జనం తిట్టుకునేవారు. ఇప్పుడు ఆ చాదస్తం మీ అందరికీ అంటించాలని వచ్చాను.

అయితే నిజం చెప్పనా? ఇన్ని పరీక్షలు చేయమంటే నాకే ఓపిక లేదు. డెబ్బై దాటిన కళ్ళతో ఫోన్‌లో 'ఎస్' ఉందో లేదో ఏం చూస్తాం! అందుకని మా ఇంట్లో ఒకే నియమం పెట్టుకున్నాం. ఉత్తరం వచ్చిన దారిలో డబ్బు వెళ్ళకూడదు. మెయిల్ చూసి జాలి పడొచ్చు, ఇవ్వాలనీ అనుకోవచ్చు. ఇచ్చేటప్పుడు మాత్రం ఆ మెయిల్ మూసేసి, మనకి ముందునుంచీ తెలిసిన సంస్థ వెబ్‌సైటుని మనమే టైప్ చేసుకుని వెళ్ళాలి. లేదంటే బ్యాంకుకో, ఆఫీసుకో నడిచి వెళ్ళాలి. మెయిల్ నిజమైనదే అయినా ఈ పద్ధతిలో నష్టం లేదు, డబ్బు ఆ సంస్థకే చేరుతుంది. అబద్ధమైతే వాడికి పైసా దక్కదు. అది నిజమా అబద్ధమా అని తేల్చే టెన్షన్ మన నెత్తి మీంచి దిగిపోతుంది.

"ఈ రాత్రి పన్నెండు లోపల పంపితే రెట్టింపు విలువ" లాంటి మాటలుంటే మాత్రం చదవడం కూడా ఆపేయండి. గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమన్నా, క్రిప్టోలో కట్టమన్నా అంతే. అటాచ్‌మెంట్‌లో ఫోటోలున్నాయి చూడండి అంటే అసలు తెరవొద్దు. ఒక్కోసారి వాడికి కావాల్సింది మన విరాళం కాదు, మన కంప్యూటర్.

విదేశాల్లో పిల్లలున్నవాళ్ళు ఇక్కడ సగానికి పైగా ఉన్నారు కాబట్టి ఒక సంగతి. మనకి ఇలాంటివి ఎక్కువగా వాట్సాప్‌లో వస్తాయి, వాళ్ళకి మెయిల్‌లో. సొంతూరు మునిగిందంటే వాళ్ళకి ఆత్రం. ఇక్కడికి రాలేరు, చూడలేరు, డబ్బొక్కటే పంపగలరు. అమెరికా పౌరసత్వం తీసుకున్న పిల్లలు ఇచ్చేది మన చట్టం లెక్కలో విదేశీ విరాళం. దాన్ని తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ డబ్బు ముందుగా ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే రావాలి. అంటే, విజయవాడ పేరు చెప్పుకునే ఏదో ట్రస్టు ఇంకేదో బ్యాంకు ఖాతా నంబర్ ఇచ్చి డాలర్లు పంపమంటే, అది మోసమైనా అయి ఉండాలి, చట్టం తెలియని సంస్థ అయినా అయి ఉండాలి. రెండింటికీ పంపనక్కర్లేదు. భారత పాస్‌పోర్టు ఉన్న పిల్లలు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందకి రాదు. కాబట్టి వాళ్ళకి ఈ గుర్తు పనిచేయదు.

మెయిల్ చివర విరాళానికి పన్ను మినహాయింపు చూపించే 80జీ నంబరో, అమెరికా సంస్థ అయితే అక్కడి పన్ను నంబరో వేస్తారు. అది చూసి నమ్మకండి. ఆ నంబర్లు అసలు సంస్థలు తమ సైట్లలో బాహాటంగా పెట్టుకునేవే. ఎత్తి రాసుకోవడం ఎంతసేపు? నంబర్ నిజమని తేలితే సంస్థ ఉందని తెలుస్తుంది, అంతే. ఉత్తరం రాసింది ఆ సంస్థే అని తెలియదు.

డబ్బు పంపేశాక తెలిస్తే సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకి చెప్పండి. ఆ డబ్బు ఒక ఖాతాలో నిలవదు, అద్దెకి తెచ్చుకున్న నాలుగైదు ఖాతాల్లోంచి దూకుతూ పోతుంది. అది ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఫిర్యాదు అందితే అక్కడ ఆపగలరు, తెల్లారాక కష్టం. ఆ తర్వాత కొన్నాళ్ళకి, "పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, కాస్త ఫీజు కట్టండి" అని ఇంకొకడు వస్తాడు. వాడు మొదటివాడికి మేనత్త కొడుకు.

దివిసీమ ఉప్పెన గుర్తున్నవాళ్ళు ఎంతమంది? 1977 నవంబర్ 19. చాలా చేతులు లేచాయి. అప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ వంటి వాళ్ళు జోలె పట్టి వీధుల్లోకి వచ్చారు. నేను కాలేజీలో ఉన్నాను. జేబులో ఉన్నదంతా వేసి ఇంటికి నడిచి వచ్చాను. ఎందుకు నమ్మాం? సినిమా వాళ్ళనేనా? అదొక్కటే కాదు. జోలె అంటే తెరిచి ఉన్న గుడ్డ. పట్టుకున్నవాడి మొహం కనబడుతుంది, పక్కవాడు ఎంత వేశాడో కనబడుతుంది, వీధి వీధంతా చూస్తూ ఉంటుంది. ఈమెయిల్‌లో ఇవేవీ లేవు. నేనూ, వాడూ, మధ్యలో ఒక నీలం బటన్. ఆ వీధిని మళ్ళీ తెచ్చుకోవాలంటే పంపే ముందు ఒక్క మనిషికి చూపించడమే. మా అబ్బాయి చేసింది అదే.

ఇంతకీ ఆ రెండు వందల డాలర్ల సంగతి చెప్పలేదు కదూ. "మెయిల్ పారెయ్, డబ్బు మాత్రం పారెయ్యకు" అని రాశాను. సగం ముఖ్యమంత్రి సహాయ నిధికి తనే వెతుక్కుని పంపాడు. మిగతా సగం నా ఖాతాకి వచ్చింది. మా వీధి చివర ఇస్త్రీ బండి కొట్టుకుపోయినాయనకి కొత్త పెట్టె, బండి చక్రాలు వచ్చాయి. ఇవాళ ఈ చొక్కా ఆయన చేసిందే.

ఆ మెయిల్‌ని ప్రింట్ తీసి తెచ్చాను. చిరునామాలు కొట్టేశాను లెండి. అటు చివర నుంచి ఒకరి తర్వాత ఒకరు చూడండి, ఫోటోలో బోర్డు ఎక్కడుందో వెతకండి. కింద నీలం బటన్ కూడా ఉంది. కాగితమే కదా, ఎన్నిసార్లు నొక్కినా ఏమీ కాదు.