బోసి చెవులు, నిండు జడ

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఏ ఊరి చర్చి ముందు నిలుచున్నా, లోపలికి వెళ్తున్న స్త్రీలను చూసి అది ఎలాంటి సంఘమో చాలావరకు చెప్పేయవచ్చు. చెవులకు కమ్మలు, మెడలో గొలుసు, కొందరికి తలలో పూలు కూడా ఉంటే ఒక తీరు. తెల్లచీర, బోసి చెవులు, ఉత్త నుదురు అయితే మరొక తీరు. విశ్వాసానికీ పైరూపానికీ మధ్య ఈ ముడి ఎలా పడిందో మాట్లాడుకోవడానికి, తెలుగు ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసి, ముప్పై ఏళ్లుగా సండే స్కూలు పిల్లలకు బైబిలు చెబుతున్న టీచరుగారు ఈ రోజు మనతో ఉన్నారు. టీచరుగారూ, మీ ఇంటి నుంచే మొదలుపెడదామా?

టీచరు: అలాగే బాబూ. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ మా ఊరి కాలువలో బాప్తిస్మం తీసుకుంది. ముందురోజు రాత్రి ఆమె లాంతరు దగ్గర కూర్చుని కమ్మలు తీయడం నాకు నిన్నటిలా గుర్తుంది. పెళ్లినాటి నుంచి తీయనందువల్ల ఒక కమ్మ శీల బిగుసుకుపోయింది. కొబ్బరినూనె చుక్క వేసి, కళ్లు గట్టిగా మూసుకుని, మెల్లమెల్లగా తిప్పింది. కమ్మలనూ ముక్కుపుడకనూ చేతిరుమాలులో ముడివేసి ట్రంకుపెట్టె అడుగున దాచింది. తెల్లవారి మా నాయనమ్మ ఆ ముఖం చూసి, "నిక్షేపంలాంటి మొగుడు బతికుండగా ఈ విధవ వేషమేమిటే" అని వీధి అరుగు మీద కూలబడి ఏడ్చింది. అమ్మ ఆ ఏడుపు వింటూనే కాలువకు నడిచింది. లోకాన్ని వదిలిపెడుతున్నానని అమ్మ, తన కొడుకు ఆయుష్షుకే కీడు తెస్తోందని నాయనమ్మ. నేను మాత్రం ఇద్దరి వైపూ ఉన్నాను.

వ్యాఖ్యాత: నగలు తీసేయాలనే బోధకు ఆధారంగా సాధారణంగా బైబిలులో యేసు శిష్యుడు పేతురు రాసిన మొదటి పత్రికను, అంటే లేఖను, చూపిస్తారు కదా?

టీచరు: అవును, మూడవ అధ్యాయం, మూడవ వచనం. "జడలు అల్లుకొనుటయు, బంగారునగలు పెట్టుకొనుటయు, వస్త్రములు ధరించుకొనుటయునను వెలుపటి అలంకారము" మీకు అలంకారముగా ఉండక, మృదువైన గుణమే అలంకారం కావాలని ఆ వచనం, దాని తరువాతి వచనం చెబుతాయి. ఇందులో మూడు సంగతులున్నాయి. మూడింటినీ ఒకే కొలతతో కొలిస్తే జడ వేసుకోకూడదు, బట్టా కట్టుకోకూడదు! బట్టల మాట వచ్చేసరికి, నిజమే, అది ఆడంబరం గురించి చెప్పిన మాట అని అందరూ ఒప్పుకుంటారు. జడ మాట అసలు ఎవరూ ఎత్తరు. మన దేశంలో జుట్టు విరబోసుకుని తిరగడమే అశుభం. నున్నగా దువ్వి జడ వేసుకోవడం అణకువకు గుర్తు. నా చిన్నతనంలో నగల మీద గంటసేపు ప్రసంగం చేసిన ఒక పెద్దాయన భార్యకు మోకాళ్లదాకా జడ ఉండేది, మేము పిల్లలం ప్రసంగం మానేసి ఆ జడనే చూసేవాళ్లం. చివరికి మూడింటిలో బంగారం ఒక్కటే నిషేధంగా మిగిలింది.

వ్యాఖ్యాత: మరి ఆ పత్రికను తొలిసారి విన్నవారికి జడ అంటే ఏమిటి?

టీచరు: ఆ పత్రిక పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల వారికి రాసినది, అంటే ఇప్పటి టర్కీ. ఎఫెసులో ఉన్న తిమోతికి వచ్చిన పత్రికలో కూడా జడలు, బంగారం, ముత్యాలు, మిగుల వెలగల వస్త్రాలు అని వరుసగా కనిపిస్తాయి. రోమా సామ్రాజ్యపు సంపన్న స్త్రీలు దాసీల చేత గంటల తరబడి జుట్టు అల్లించుకుని, అంతస్తులుగా ఎత్తి కట్టించుకునేవారు. ఆనాటి శిలా ప్రతిమల్లో ఆ కొప్పులను మనం ఇప్పటికీ చూడవచ్చు. అదే సంఘంలో దాసులూ కూర్చునేవారు. ఆ కొప్పు అల్లిన దాసీ, దాన్ని మోసే యజమానురాలు ప్రభువు బల్లలో, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకోవాలంటే ఎలా ఉంటుందో ఊహించు. యాకోబు పత్రిక ఈ బాధను ఇంకా సూటిగా చెప్పింది. బంగారు ఉంగరం పెట్టుకుని ప్రశస్త వస్త్రాలతో వచ్చినవాడికి మంచి స్థలం చూపించి, మురికి బట్టల దరిద్రుడిని అక్కడ నిలబడమంటారా అని అడిగింది. గమనించావా బాబూ, ఆ ఉంగరం మగవాడిది! ఆ వచనం పట్టుకుని మగవారి ఉంగరాలు ఊడదీయించిన ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు.

వ్యాఖ్యాత: అయితే నగలు తీసేసిన స్త్రీలు మోసపోయారని మీరు అంటారా?

టీచరు: అలా అంటే మా అమ్మను అవమానించినట్లే. వారి పక్షానా వాక్యం ఉంది. ఆదికాండంలో యాకోబు (పత్రిక రాసిన యాకోబు కాదు, ఇస్సాకు కొడుకు) ఇంటివారు అన్యదేవతలతో పాటు చెవిపోగులు కూడా అప్పగిస్తే, అతడు షెకెము దగ్గర చెట్టు కింద పాతిపెట్టాడు. హోరేబు కొండ దగ్గర ఇశ్రాయేలీయులు ఆభరణాలు తీసివేశారు. అయితే అదే ఆదికాండంలో అబ్రాహాము సేవకుడు రిబ్కాకు ముక్కు కమ్మి, చేతి కడియాలు ఇస్తాడు, వాటి బరువు మన తెలుగు బైబిలులో తులాల లెక్కలోనే ఉంటుంది. ఒక స్త్రీ తన మనసు మారిందనడానికి గుర్తుగా తానే నగ తీస్తే అది సాక్ష్యం. తీయకపోతే ప్రభువు బల్లలో చేయి వేయనివ్వబోమని సంఘం అంటే, అది సాక్ష్యం ఎలా అవుతుంది? నాకు తెలిసిన ఒకామె భర్త హిందువు. ఇంట్లో గొడవ ఎందుకని పుస్తెలతాడు ఉంచుకుంది. ఒక సంఘంలో ఆమెకు ప్రభువు బల్ల నిరాకరించి వెనక వరుసకు పంపారు. ఆ సంఘం పేరు ఇక్కడ అనవసరం.

వ్యాఖ్యాత: మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు కులంతో కూడా సంబంధం ఉంది కదా?

టీచరు: ఆ మాట లేకుండా దీన్ని మాట్లాడలేము. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వారిలో అత్యధికులు మాదిగలు. అది 1876-78 నాటి మహా కరువు కాలం. వదులుకోవడానికి ముందు బంగారం ఉండాలి కదా! అలాంటి ఇళ్లలో తరువాతి తరాలు నాలుగు డబ్బులు కూడబెట్టి అరకాసు బంగారం కొన్నారంటే, అది సొగసు కోసం కాదు. ఆసుపత్రికీ పిల్లల చదువుకీ తాకట్టు పెట్టుకోగల ఏకైక ఆస్తి అదే. అమ్మ రుమాలులోని కమ్మలు కూడా చివరకు నా ఉపాధ్యాయ శిక్షణ ఫీజుకే అమ్ముడుపోయాయి.

ఇక బొట్టు సంగతి ఇంకా చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. ఆ హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు గాని క్రైస్తవులకు వర్తింపజేయలేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన దళితులను బీసీ-సీ కింద, అంటే వెనుకబడిన తరగతుల్లోని సీ గ్రూపు కింద, లెక్కిస్తారు. అందువల్ల, క్రైస్తవురాలిగా కనిపిస్తే ఆ హోదా పోతుందని, సోమవారం ఆఫీసుకు బొట్టుతో వెళ్లి, ఆదివారం చర్చి మెట్ల దగ్గర కొంగుతో తుడుచుకునే స్త్రీలు ఉన్నారు. వేషధారులని వారిని వేలెత్తి చూపే వారితో నేను ఏకీభవించను. నుదుటి మీది ఆ చుక్కను సంఘం ఒకలా, సర్కారు మరొకలా చదువుతున్నప్పుడు ఆమె ఏం చేయాలి? మరోవైపు కతోలికుల్లో బొట్టు పెట్టుకునేవారు నేటికీ ఎందరో ఉన్నారు, వారి విశ్వాసానికి అది అడ్డు రాలేదు.

వ్యాఖ్యాత: "మనుష్యులు పై రూపమును లక్ష్యపెట్టుదురు గాని యెహోవా హృదయమును లక్ష్యపెట్టును" అనే వచనాన్ని ఇరుపక్షాలూ వాడుకుంటాయి.

టీచరు: అది సమూయేలు ప్రవక్త బేత్లెహేములో దేవుని నుంచి విన్న మాట. యెష్షయి పెద్దకొడుకు ఏలీయాబు ఎత్తూ రూపమూ చూసి ఇతడే రాజు అనుకున్నప్పుడు వచ్చిన గద్దింపు అది. తమాషా ఏమిటంటే, సరిగ్గా ఐదు వచనాల తరువాత దావీదు లోపలికి రాగానే, అతడు ఎర్రనివాడు, చక్కని కన్నులు గలవాడు, చూడటానికి సుందరుడు అని అదే గ్రంథకర్త వర్ణించకుండా ఉండలేకపోయాడు. నాకు ఆ చోటు చాలా ఇష్టం. అందంగా ఉన్నందుకు దావీదును దేవుడు తోసివేయలేదు, అందంగా ఉన్నందుకు ఎన్నుకోనూ లేదు.

వ్యాఖ్యాత: మీ అమ్మగారు మళ్లీ ఎప్పుడైనా నగలు పెట్టుకున్నారా?

టీచరు: లేదు. ఎనభై ఏళ్లకు పోయేదాకా బోసి చెవులతోనే ఉంది. కానీ చెవి రంధ్రాల్లో మాత్రం ఎప్పుడూ చిన్న చీపురుపుల్ల ముక్కలు ఉండేవి. పాతబడితే తీసి, కొత్తవి గోటితో తుంచి పెట్టుకునేది. పెట్టుకోని కమ్మలకు రంధ్రాలెందుకమ్మా అని ఒకసారి అడిగాను. "కమ్మలు నేను తీశాను, చెవులు కుట్టించింది మా అమ్మ కదే" అని, చేటలో బియ్యం చెరుగుకుంటూ కూర్చుంది.